ఏడో పాట

"అయింది," అంటూ సెకన్లాయన స్టాప్‌వాచీ నొక్కాడు. తల్లీకూతుళ్ల తగువు, రెండు నిమిషాల పదకొండు సెకన్లు. కాగితం మూల అంకె వేసి, అంతటితో వదలక మళ్లీ మొదటినుంచి చదివాడు. తల్లి మాటా ఆయనదే, కూతురి మాటా ఆయనదే. గొంతులో ఏడుపూ ఉండదు, కోపమూ ఉండదు. అవి పెడితే సెకన్లు పెరుగుతాయని ఆయన నమ్మకం.

రాసిన సన్నివేశం తెరమీద ఎంతసేపు నడుస్తుందో ముందే చదివి చెప్పడం ఆ ఫిల్మ్ కంపెనీలో ఆయన పని. ముప్పై ఏళ్లయింది. అసలు పేరు జీతం కాగితాల్లో తప్ప ఎవరికీ గుర్తులేదు. బట్టతల, మోచేతుల దగ్గర పలచబడ్డ చొక్కా, చూపుడువేలికి వదలని జిగురు మరక. పొద్దస్తమానం ఇంకొకళ్ల మాటలు పైకి చదివే మనిషి, తన మాట దగ్గరికొచ్చేసరికి మాత్రం నీళ్లు నములుతాడు.

ఈమధ్య కంపెనీవాళ్ల కన్ను ఓ పాత విషాద నాటకం మీద పడింది. దాన్ని పాటల సినిమా చెయ్యాలట! చేస్తే చేశారు. మాటలు తెల్లకాగితం మీద, పాటలు నీలం కాగితం మీద రాయడం అక్కడి పద్ధతి. తెల్లకాగితం మీద ప్రతివాడి కత్తెరా పడుతుంది. నీలం కాగితం జోలికి మాత్రం దర్శకుడు కూడా వెళ్లడు. వెళ్తే సంగీతం మాస్టారు అలిగి వారం రోజులు కనిపించడు.

ఆ నాటకం సెకన్లాయనకి కొత్తది కాదు. కుర్రతనంలో పదకొండేళ్లు పక్కతెర చాటున నిలబడి అందులో వేషగాళ్లకి మరిచిన మాట అందించాడు. అందులో, తండ్రి కోపంతో ఇంట్లోంచి గెంటేసిన కూతురు చచ్చిపోయిందని కబురొస్తుంది. గుమ్మంలో ఆ పిల్ల తెగిన చెప్పు కనిపిస్తుంది. తండ్రి చతికిలబడి దాన్ని కుట్టడం మొదలుపెడతాడు. అంతే, మాట లేదు. "ఇక్కడ నాకేం అందించకు, లెక్క మాత్రం పెట్టు," అనేవాడు ఆ వేషం వేసే పెద్దాయన. ఈయన నలభై లెక్కపెట్టి కాలితో నేలమీద తట్టేవాడు. అప్పుడు గానీ ఆయన లేచేవాడు కాదు. ఆ నలభై లెక్కపెట్టేంతసేపూ హాల్లో ఒక్కరూ దగ్గేవారు కాదు.

నిన్న దర్శకుడు ఆ తెల్లకాగితాన్ని చింపి బుట్టలో పడేశాడు. ముసలాడు చెప్పు కుట్టుకుంటూ కూచుంటే జనం లేచిపోతారన్నాడు. సెకన్లాయన తలూపాడు. ఊపకేం చేస్తాడు?

కానీ ఈ పొద్దున గదిలోకి రాగానే తలుపు దగ్గరికి వేసి, ఓ నీలం కాగితం తీశాడు. 'ఏడో పాట. తండ్రి చెప్పు కుడతాడు. నలభై సెకన్లు,' అని గుండ్రంగా రాసి, కింద ఖాళీగా వదిలేసి, ఫైల్లో అతికించాడు. తరవాతి పాటల అంకెలు ఒక్కొక్కటే దిద్దాడు. ముప్పై ఏళ్లలో ఒక్క అక్షరం సొంతంగా చేర్చి ఎరగడు. పదకొండింటికి అందరి ముందూ చదవాలి. పట్టుబడితే ఉద్యోగం మాట అటుంచి, ఏ మొహం పెట్టుకుని ఇంటికెళ్లాలి? పొద్దున ఇంట్లో ఛాతీ రుద్దుకుంటుంటే భార్య చూడనే చూసింది. గ్యాసేనన్నాడు. సాయంత్రం డాక్టరు దగ్గరికి రాకపోతే ఊరుకోనంది.

పదకొండయింది. బల్లచుట్టూ దర్శకుడు, సంగీతం మాస్టారు, డాన్సు నేర్పే ఆవిడ. ఒకటో పాట, రెండో పాట... ఆరు దాటేసరికి సెకన్లాయన వీపంతా చెమటతో తడిసిపోయింది. కాగితం తిప్పి, "ఏడో పాట," అన్నాడు.

"ఏడోది పెళ్లి పాట కదా? ఇదెక్కణ్ణించి వచ్చింది? సాహిత్యం ఏదీ?" అన్నాడు మాస్టారు.

"దీనికి మాటల్లేవండీ."

"మరి ట్యూను?"

"అదీ లేదండీ." నీలం కాగితం అంచు నిమిరాడు. "నేనే పెట్టానండీ. ఆ తండ్రి ఏడవలేకపోతున్నాడండీ. కాస్త టైమివ్వాలి."

తన నోటినుంచే వచ్చిందా ఆ మాట అని ఆయనే బిత్తరపోయాడు. దర్శకుడు నీలం కాగితాన్ని చూశాడు, ఈయన్ని చూశాడు.

"సరే, చదవండి. చూద్దాం," అన్నాడు వెటకారంగా.

సెకన్లాయన వాచీ నొక్కి తల వంచుకున్నాడు.

మొదట మాస్టారి వేళ్లు బల్లమీద టకటకలాడాయి. కాసేపటికి అవీ ఆగాయి. డాన్సు ఆవిడ బల్లకింద తన చెప్పులకేసి చూసుకుంది. దర్శకుడి పెదవి మీద వెటకారం పోయింది, కళ్లజోడు తీసి చేత్తో పట్టుకున్నాడు. అందరూ 'అయింది' అనే మాట కోసం కాచుకున్నారు. ఆ మాట రాలేదు. ముందుగా నోరు తెరవడానికి ఎవరికీ మనసొప్పలేదు.

"ఉంచుదాం," అన్నాడు దర్శకుడు చివరికి, మెల్లగా. "విన్నారా? ఉంచుదామంటున్నాను."

సెకన్లాయన తల ఎత్తలేదు. మాస్టారు లేచి భుజం మీద చెయ్యి వేశాడు, ఆయన తల పక్కకి వాలిపోయింది. వేసిన చెయ్యి తియ్యలేక అలాగే నిలబడిపోయాడు. డాన్సు ఆవిడ డాక్టరు కోసం పరుగెత్తింది. వాచీలో మూడో నిమిషం నడుస్తోంది. దాన్ని ఆపడం ఆ గదిలో ఇంకెవరికీ తెలియదు.

సాయంత్రం భార్య వచ్చి ఆయన కళ్లజోడు, సంచీ, వాచీ తీసుకెళ్లింది. ఫైలు బల్లమీదే ఉండిపోయింది. ఆరో పాటకీ ఎనిమిదో పాటకీ మధ్య నీలం కాగితం, ఒక మూల జిగురు ఇంకా ఆరలేదు.