నేను కొట్టేసిన మీటరు

వేసవి సెలవుల్లో విద్యుత్ విధానాల మీద పరిశోధన ఎలా చేస్తారో నేర్పిస్తామని ఒక పరిశోధన కేంద్రంవాళ్లు అన్నారు. డిగ్రీ రెండో ఏడు పరీక్షలు రాసి, ఆ ఇంటర్న్‌షిప్‌కు దరఖాస్తు పెట్టి, వచ్చిందనగానే ఎగిరి గంతేసి చేరాను. మొదటి వారం గడిచేసరికి నాకు అర్థమైంది ఒక్కటే: ఏమీ అర్థం కావడం లేదని. కరెంటు పొదుపు గురించి ఆలోచించే ఆ ఆఫీసులో ఏసీ ఎంత చల్లగా ఉండేదంటే, మండుటెండల్లో నేను స్వెటరు వేసుకుని కూర్చునేదాన్ని. ఇదేమిటని అడిగితే కంప్యూటర్ల కోసమని ఒకరు, తగ్గించే మీట పాడైందని మరొకరు చెప్పారు. రెండూ రాసుకున్నాను. అప్పట్లో ఏది చెవిన పడినా రాసుకునేదాన్ని.

మాకు పని చెప్పే పెద్దాయనకు మేం పెట్టుకున్న పేరు సరాసరి సారు. ఆయన దేనికైనా సరాసరి కడతారు. టీ ఆలస్యమైతే, ఆ వారంలో టీ రోజుకు సగటున ఎన్ని నిమిషాలు ఆలస్యమైందో చెబుతారు. మంచివారే. ఎవరి మీదా గొంతు పెంచగా నేను వినలేదు.

విద్యుత్ సంస్థకు ఆ వేసవిలో మధ్యాహ్నం పూట కరెంటు చాలడం లేదు. ఏదో ఒక కాలనీకి రోజూ ఒంటిగంట నుంచి మూడున్నర దాకా కోత పెట్టక తప్పదట. ఎక్కడ పెడితే జనానికి తక్కువ ఇబ్బందో చెప్పమని మా వాళ్లను అడిగింది. రెండు కాలనీల మీటర్ల లెక్కలు నా చేతికి వచ్చాయి. ఏ గంటలో ఎవరెంత వాడారో కూడా ఆ కొత్త మీటర్లు చెబుతాయి. ఎవరి గుట్టు వాళ్లదే కాబట్టి మనుషుల పేర్లు, వీధులు, చివరికి కాలనీల పేర్లు కూడా తీసేసి మీటరు నంబర్లు మాత్రమే ఇచ్చారు.

మొదటి కాలనీలో అరవై రెండు ఇళ్లు. మధ్యాహ్నమైతే చాలు, వాడకం దాదాపు సున్నా. ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి అన్నట్టు, 417 నంబరు మీటరు మాత్రం సరిగ్గా అదే సమయంలో గిర్రున తిరుగుతోంది. సారును అడిగితే అలాంటివి చాలాసార్లు మీటరు లోపాలే అవుతాయనీ, చూసి నిర్ణయించుకోమనీ అన్నారు. చూశాను. అంటే కంప్యూటరు తెర మీద చూశాను. లెక్కలోంచి కొట్టేశాను. గ్రాఫులో పైకి లేచిన గీత చక్కగా నేలకు దిగింది. మధ్యాహ్నం ఈ కాలనీకి కరెంటు అవసరం లేదని రాసిచ్చాను. సారు మెచ్చుకున్నారు. సోమవారం నుంచి కోత అక్కడే అని ఉత్తర్వు కూడా వచ్చేసింది.

ఆ రెండు నెలలూ నేను ఉన్నది మా పెద్దమ్మ ఇంట్లో. ఆమె నర్సుగా చేసి రిటైరైంది. నేను ఉదయం ఎనిమిదికి బయలుదేరితే రాత్రి ఏడుకు తిరిగొచ్చేదాన్ని. శని, ఆదివారాలు అమ్మావాళ్ల దగ్గరికి బస్సెక్కేదాన్ని. పెద్దమ్మ నన్ను ఆఫీసరమ్మా అని ఏడిపించేది. కరెంటులో చదవడానికేముంది, ఉంటే ఉంటుంది, లేకపోతే లేదు అనేది.

గురువారం ఆ ఏసీ పుణ్యమా అని నాకు జలుబు చేసి జ్వరం తగిలింది. మధ్యాహ్నమే ఇంటికి పంపేశారు. వీధిలో ఇళ్లన్నీ తాళాలేసి ఉన్నాయి. పెద్దమ్మ గుమ్మం ముందు మాత్రం చెప్పుల కుప్ప. అంతమంది వచ్చారంటే పెద్దమ్మకు ఏమైందో అనుకున్నాను. లోపలికి పరుగెత్తితే, పెద్దమ్మ నిక్షేపంలా ఉంది. హాలు నిండా మనుషులు ఆస్పత్రి వార్డులోలా వరసలుగా పడుకుని ఉన్నారు. పిల్లలు, ముసలివాళ్లు, ఒక బాలింత, ఆమె పక్కన నెల నిండని పసిది. కూలరుకు ఎదురుగా ఎదురింటి తాత దిండుకు ఆనుకుని ఎగశ్వాస తీస్తున్నాడు.

"రేకుల ఇళ్లు కదే, ఈ ఎండకు లోపల ఉడికిపోతారు. మనది స్లాబు, కూలరుంది. ఎండ దిగేదాకా అందరూ ఇక్కడే. తాతకైతే గాలి ఆగితే ఆయాసం ఆగదు" అంది పెద్దమ్మ గొంతు తగ్గించి.

ఆ వీధిలో తాళాలేసిన ఇళ్లు, ఈ ఒక్క ఇంట్లో కూలరు. ఎక్కడో తెర మీద చూసిన బొమ్మలా అనిపించింది. బయటికి వచ్చి గోడ మీద మీటరు చూశాను. 417. నా తల తీసుకెళ్లి ఆ మీటరుకే కొట్టుకోవాలనిపించింది. మళ్లీ లోపలికి వెళ్లి మనుషులను లెక్కపెట్టాను. ఇరవై ముగ్గురు.

శుక్రవారం జ్వరంతోనే వెళ్లి సారుకు అంతా చెప్పాను. ఆయన కసురుకోలేదు. 417ను తిరిగి కలిపి సరాసరి కట్టారు. దశాంశం తర్వాత రెండో స్థానంలో ఐదు ఉన్నది ఆరైంది. అంతే. నేను నమ్మలేక నా చేత్తో కట్టి చూశాను. ఆరే.

"అక్కడ ఇరవై ముగ్గురున్నారు సార్" అన్నాను.

"మన ఫారంలో మనుషుల గడి లేదమ్మా. ఇళ్ల గడే ఉంది."

అయితే కోత రెండో కాలనీకి మార్చమని చెప్పండి అన్నాను. ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నారు.

"ఆ కాలనీలో నువ్వు ఎన్ని మీటర్లు కొట్టేశావు?"

నాలుగు. ఆ నాలుగిళ్లలో ఎవరున్నారో, ఎంతమందో నాకు తెలియదు. ముందు నుయ్యి, వెనక గొయ్యి. తప్పు చేశానని తెలుసు. ఒప్పు ఏమిటో మాత్రం అంతు చిక్కలేదు. మా లెక్క పొరపాటనీ, కోత ఆపి మళ్లీ చూడాలనీ సారు అప్పటికప్పుడు ఉత్తరం రాశారు. విద్యుత్ సంస్థలో దాని మీద సంతకం చేయాల్సిన అధికారి మంగళవారం దాకా ఊళ్లో లేడు.

ఆ వారం నేను అమ్మ దగ్గరికి వెళ్లలేదు. పెద్దమ్మకు చెబుదామని పదిసార్లు నోరు తెరిచి, పదిసార్లు మంచినీళ్లు తాగాను. నిజం చెప్పాలంటే భయమేసింది.

సోమవారం ఆఫీసుకు సెలవు పెట్టాను. ఒంటిగంటకు ఒక్క నిమిషం అటూ ఇటూ లేకుండా కూలరు ఆగిపోయింది. ఫ్యాన్లు నెమ్మదిగా తిరిగి తిరిగి నిలిచిపోయాయి. పడుకున్నవాళ్లు ఒక్కొక్కరే లేచి కూర్చున్నారు. కాసేపట్లో వస్తుందిలే అని పెద్దమ్మ అందరికీ ధైర్యం చెబుతోంది.

"రాదు పెద్దమ్మా. మూడున్నర దాకా రాదు."

"నీకెలా తెలుసే?"

"నేనే రాసిచ్చాను."

లెక్క, కొట్టేసిన మీటరు, ఉత్తరం, అన్నీ చెప్పాను. హాల్లో అందరూ వింటున్నారు. సగం మందికి అర్థమై ఉండదు. పెద్దమ్మ తాత నాడి పట్టుకుని, నా వైపు చూడకుండానే అడిగింది.

"ఈ ఇళ్లల్లో ఎవరూ లేరని రాశావా?"

"వాడకం లేదని రాశాను."

"రెండూ ఒకటేనా?"

"తెలీదు పెద్దమ్మా" అన్నాను. ఏడుపొచ్చేసింది.

ఆమె తిట్టలేదు, ఓదార్చలేదు. బీరువా మీదున్న అట్టపెట్టె మూత చింపి నా చేతిలో పెట్టి, విసరమంది. తాత ఈ చివర, పసిది ఆ చివర. ఇద్దరికీ అందుతుందేమోనని నేను సరిగ్గా హాలు మధ్యలో నిలబడి, చెయ్యి నొప్పి పుట్టేలా విసరడం మొదలుపెట్టాను.

"మధ్యలో నిలబడితే ఎవరికీ తగలదే" అంది పెద్దమ్మ. "ఎవరో ఒకరి దగ్గర కూర్చో."

తాత దగ్గర కూర్చున్నాను. ఆ చివర పసిది ఏడుపు అందుకుంది.