పక్క సీట్లో చలి

మాస్టారికీ ఆయన భార్యకూ కారులో ఒక ఒప్పందం ఉంది. ముప్పై ఏళ్లు ఏసీ గురించి పోట్లాడుకుని అలిసిపోయాక, రెండు పక్కలా ఎవరి వేడి వాళ్లు పెట్టుకునే కారు కొన్నారు. ఆమె మీట ఆమెది, ఆయన మీట ఆయనది. ఒకరి మీట మీద ఇంకొకరు చెయ్యి వేస్తే ఆ పూట ఇంట్లో మాటలుండవు. ఈ ఒప్పందాన్ని ఎంత నిష్ఠగా పాటించారంటే, చివరికి అదే వాళ్లను వారం రోజులు హడలగొట్టింది.

కిందటేడు మాస్టారికి పక్షవాతం వచ్చింది. ముందు ఎడమ చెయ్యి చల్లబడింది, తర్వాత మాట తడబడింది. అదృష్టం బాగుండి కోలుకున్నారు. అప్పటి నుంచి కారు ఆమే నడుపుతోంది. ఆయన పక్క సీట్లో కూర్చుని, లేని బ్రేకును కాలితో తొక్కుతుంటారు.

పోయిన వారం దారిలో ఆయన ఎడమ చేతిని తొడ కింద దోపుకుని, "చెయ్యి చల్లబడుతోందే" అన్నారు.

ఆమె బండి నెమ్మది చేసి మీటల వైపు చూసింది. తన పక్క చెమట పట్టేంత వేడిగా ఉంది. ఆయన మీట దగ్గర అంకె ఇరవై ఎనిమిది చూపిస్తోంది; ఒప్పందం ప్రకారం ఆ పక్కకి చెయ్యి పెట్టి చూడలేదు. కారు వెచ్చగా ఉంటే, చల్లబడింది మనిషే కదా! ఆసుపత్రి వైపు బండి తిప్పబోతే, "తగ్గిపోయింది, ఇంటికి పోనీ" అన్నారాయన. ఆ తర్వాత ఎప్పుడడిగినా "బాగానే ఉంది" అనే అన్నారు. ఇంట్లో ఏదో వంకన ఆయన చెయ్యి తడిమి చూసేది. వెచ్చగానే ఉండేది. కారెక్కగానే ఆమెకు మళ్లీ దిగులు మొదలు.

ఇవాళ ఇద్దరూ కారుకు ఆయిల్ మార్పించడానికి మెకానిక్ షెడ్డుకు వచ్చారు. ఆమె మంచినీళ్లు తాగి వస్తుంటే, ఎత్తిన బానెట్ అవతల నుంచి మాస్టారి గొంతు మెల్లగా వినబడింది. "నా పక్క వేడి వస్తోందో లేదో చూడవయ్యా. వస్తుంటే మాత్రం ఆవిడకి చెప్పకు."

ఆమె గబగబా బానెట్ అవతలికి వచ్చింది. "తగ్గిందన్నారుగా!"

మెకానిక్ నిదానస్తుడు. "అదేదో ముందు చూద్దామమ్మా. మీరు ఆ సీట్లో కూర్చోండి."

"అది ఆయన సీటు."

"కూర్చోండమ్మా, కరవదు."

కూర్చుంది. అంకె ఇరవై ఎనిమిది. గాలి వచ్చే చోట కుడి చెయ్యి పెట్టింది. నమ్మకం కుదరక ఎడమ చెయ్యి పెట్టింది. చల్లటి గాలి!

"చల్లగా ఉందండీ!" షెడ్డంతా వినబడేలా అరిచింది. "నాకూ చల్లగానే ఉంది!"

కారు పాడైతే ఇంత సంబరపడే మనిషిని మెకానిక్ ఎన్నడూ చూడలేదు. థర్మామీటరు పెట్టాడు. ఆమె పక్క నలభై అయిదు, ఈ పక్క పదహారు. సీటు ముందర వంగి, మీట తిప్పి, చెవి ఒగ్గి విన్నాడు. లోపల ఏదో టకటకమంటోంది.

"వేడిగాలికి ఒక్కో పక్కా ఒక్కో చిన్న తలుపుంటుందమ్మా. ఈ తలుపు తిప్పే మోటారు పళ్లు అరిగాయి. అంకె మారుతుంది కానీ తలుపు కదలదు. అరగంటలో కొత్తది వేసేస్తా."

ఆ తలుపును చేత్తో తిప్పాడు. ఆమె వేళ్లకు వెచ్చటి గాలి తగిలింది. అప్పుడు ఏడుపొచ్చింది.

"వారం నుంచీ బాగుందని ఎందుకన్నారు?"

"చల్లగా ఉందన్నప్పుడు నీ మొహం చూశానే. ఆ మొహం మళ్లీ చూడలేను."

"చూడండి, పర్లేదు. చలేస్తే చలేస్తోందనే చెప్పండి. నేను భయపడితే భయపడతాను. మీ కోసం నేను కాక ఇంకెవరు భయపడతారు?"

మాస్టారు కారు తలుపు పట్టుకుని మెల్లగా వంగి, ఎడమ చెయ్యి ఆమె చేతి పక్కన వెచ్చటి గాలిలో పెట్టారు.

"నాకూ భయమేసిందే" అన్నారు.

ఏడాది మొత్తం మీద ఆ మాట అనడం అదే మొదలు.