అడక్కుండా లైనివ్వని పిన్ని

హలో పిన్నిని ఆ వీధిలో ఎరగనివాళ్లు లేరు. ముప్ఫై ఏళ్లు టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో కూర్చుని, ఊళ్లకి ఊళ్లు కలిపి, చెవుల్లో గంటలు మోగి మోగి, రిటైరైన రోజునే ఇంట్లో ఫోను వైరు గోడలోంచి పీకించేసిన మనిషి. "ఇంక నా ఇంట్లో గంట మోగితే ఒట్టు" అంది. సెల్‌ఫోను మాటెత్తితే ఈగని తోలినట్టు చేత్తో తోలేసేది. ఆవిడకున్న కాలక్షేపమల్లా కిటికీ పక్కన బల్లమీది కంప్యూటరే. అందులో పేకాట ఆడుకునేది, కేబులువాళ్ల నెట్టులో వచ్చిన ఈమెయిలు ఉత్తరాలు చదువుకునేది. మధ్యాహ్నం పూట పరదా మెల్లగా ఊగుతుంటే, ఎండ నేలమీద అటూ ఇటూ జరుగుతుంటే, ఆ తెర ముందే ఆవిడ కళ్లు మూతపడేవి.

అలాంటి ఒక మధ్యాహ్నం చెల్లెలి దగ్గర్నుంచి ఉత్తరం వచ్చింది. ఇరవై రెండేళ్ల తర్వాత!

"అక్కా, గొంతులో గడ్డ లేచింది. వచ్చే గురువారం పొద్దున్నే ఆపరేషన్. ఆ తర్వాత మాట ఉండదని డాక్టరు చెప్పేశాడు. ఉండగా నీతో ఒక్కసారి మాట్లాడాలి. నీకు ఫోను లేదటగా. కంప్యూటర్లో మాట్లాడుకునే ప్రోగ్రామొకటి ఉంది, పేరు కింద రాశాను, పెట్టించుకో. సోమవారం నుంచి రోజూ మూడింటికి పిలుస్తాను. నువ్వు పిలవద్దు, పరీక్షలకి ఎప్పుడు తీసుకుపోతారో నాకే తెలీదు."

పిన్ని ఆ ఉత్తరం ఎన్నిసార్లు చదివిందో లెక్కలేదు.

ఈ అక్కాచెల్లెళ్ల పోట్లాట సంగతి చెప్పకపోతే మీకు ఇకముందు కథ రుచించదు. ఇరవై రెండేళ్ల కిందట వాళ్లమ్మకి ప్రాణం మీదికొచ్చింది. గాలివానకి తీగలు తెగి, అమ్మ ఉన్న ఊరికి ఒకే ఒక్క లైను మిగిలింది. చెల్లెలు ఎక్స్ఛేంజికి ఫోను చేసి, "అక్కా, అమ్మతో ఒక్క మాట మాట్లాడించవే" అని బతిమాలింది. అప్పటికే పదకొండుమంది వేచి ఉన్నారు. సొంతవాళ్లని వరస దాటించకూడదని అక్కడి రూలు. "నీది పన్నెండు. ఉండు" అంది అక్క. పన్నెండోది వచ్చేసరికి అమ్మ లేదు. "రూలు రూలే కదే" అంది అక్క. "ఆ రూలునే కట్టుకుని ఊరేగు" అంది చెల్లెలు. అంతే, ఆ నోరు మళ్లీ అక్కకోసం తెరుచుకోలేదు.

ఇప్పుడు తెరుచుకుంటానంటోంది. అదీ మూడే మూడు రోజులు.

పిన్నికి కంప్యూటరుమీద నమ్మకం లేదు. పోయిన నెలే "మీకు బహుమతి తగిలింది" అన్న ఉత్తరమేదో తెరిచి, ఉన్న ఫొటోలన్నీ పోగొట్టుకుని కూర్చుంది. తీరా చెల్లెలు పిలిచే వేళకి కంప్యూటరు మళ్లీ చచ్చి ఊరుకుంటే? శనివారం పొద్దున్నే వీధి చివర రిపేరు కొట్టు నడిపే ఆవిడని వెంటబెట్టుకొచ్చింది.

కళ్లజోడు నెత్తిమీదికి తోసుకుని రిపేరావిడ కుర్చీలో చేరగిలబడింది. "ఇందులో రెండు వేరువేరు పనులున్నాయి పిన్నీ. ఇంట్లో దూరిన పురుగుని వెతికి చంపేది యాంటీవైరస్. గుమ్మం దగ్గర నిలబడి వచ్చేపోయేవాళ్లని చూసుకునేది ఫైర్‌వాల్. రెండూ కావాలి."

"అయితే యాంటీవైరస్సులు రెండు పడెయ్యి. ఒకటి కునికినా ఇంకోటి చూస్తుంది."

"ఒక ఒరలో రెండు కత్తులు ఇమడవు. ఒకదాన్నొకటి దొంగనుకుని కొట్టుకుచస్తాయి, మధ్యలో కంప్యూటరు నలిగిపోతుంది. దీంతోపాటు వచ్చింది ఒక్కటి చాలు. కాకపోతే ఎప్పటికప్పుడు అప్‌డేట్ అవనివ్వండి. లేదంటే దొంగలు పడ్డ ఆర్నెల్లకి కుక్కలు మొరిగినట్టుంటుంది."

"మరి ఫైర్‌వాలో?"

"అదీ దీంతో వచ్చిందే ఉంచేద్దాం. నోరు మెదపకుండా తన పని తను చేసుకుపోతుంది. ఇంకో రకం ఉందిగానీ, అది ప్రతిదానికీ మిమ్మల్నే అడుగుతుంది, రానివ్వనా, ఆపెయ్యనా అని. అది మా బోటివాళ్లకి. మీకొద్దు."

ఆ "మీకొద్దు" అన్నదే కొంప ముంచింది.

"నాకొద్దా?" అని లేచింది పిన్ని. "ఎవరని అడక్కుండా లైనిచ్చే ఎక్స్ఛేంజి ఎక్కడైనా చూశావా? ముప్ఫై ఏళ్లు నేను చేసిన పనేమిటనుకున్నావ్? అదే పెట్టు."

"ప్రోగ్రాములు మనుషుల్లా పేరు చెప్పుకోవు పిన్నీ. బయటికి ఒక పేరుంటే లోపల..."

"పేరు చెప్పుకోలేనివాడికి నా ఇంట్లో పనేమిటి?"

తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్లనే రకం. రిపేరావిడ నిట్టూర్చి, అడిగే ఫైర్‌వాలే పెట్టింది. చెల్లెలు చెప్పిన ప్రోగ్రామూ ఎక్కించింది. లేస్తూ లేస్తూ, "మొదటిసారి పిలుపొచ్చినప్పుడు ఒక పెట్టె తెరుచుకుంటుంది, అప్పుడు..." అనబోయింది.

"పిలుపుల సంగతి నాకు నువ్వు చెప్తావా? తాతకి దగ్గు నేర్పినట్టుంది! వెళ్లవే తల్లీ, కొట్లో జనం కాచుకునుంటారు."

"సరే, బుధవారం సాయంత్రం వచ్చి చూస్తాను" అని ఆవిడ వెళ్లిపోయింది.

ఇంక చూడండి మా పిన్ని వైభవం! ఎక్స్ఛేంజిలో చేసినట్టే గీతల పుస్తకం ఒకటి తెరిచి పక్కన పెట్టుకుంది. టైము, వచ్చినవాడి పేరు, ఇచ్చామా ఆపామా, మూడు గడులు. తెరమీద చిన్న పెట్టె తెరుచుకోగానే వెన్ను నిటారుగా పెట్టి, "ఎవరండీ? ఎక్కడినుంచి?" అని పైకే అడిగేది. గడియారం సరిచేసుకునే ప్రోగ్రామొచ్చి తలుపు తట్టింది. "టైము కనుక్కోవడానికొచ్చాడు పాపం" అని రానిచ్చింది. ప్రింటరు తాలూకుదొకటి వచ్చింది. రానిచ్చింది. పేరూ ఊరూ లేనిది వస్తే ఆపేసింది. ఆదివారం మధ్యాహ్నమంతా అలాగే గడిచింది. ఒక్కో పెట్టె వెనకా ఎక్కడో తెలియని ఊళ్లో, ఎవరో కిటికీ దగ్గర రిసీవరు పట్టుకుని నిలబడినట్టే ఉండేది ఆవిడకి. వాళ్ల వెనక గదులు కూడా కనిపించేవి. ఒకరింట్లో దీపం, ఒకరింట్లో నిద్రపోతున్న పిల్ల. ఎన్నాళ్లకో మళ్లీ పనిలో పడ్డట్టయి హాయిగా కూనిరాగం తీసింది.

సోమవారం రెండింటికే తల దువ్వుకుని కూర్చుంది. గొంతు సవరించుకుంది. సరిగ్గా మూడింటికి పెట్టె తెరుచుకుంది. లోపల బారెడు అక్షరాలూ అంకెలూ, పలకడానికి నోరు తిరగని పేరు.

"ఎవర్రా నువ్వు? ఇప్పుడే దొరికిందా నీకు? మా చెల్లెలు పిలిచే వేళ ఇది, పో" అని ఆపేసింది. నిమిషానికి మళ్లీ అదే. మళ్లీ ఆపింది. అలా అయిదుసార్లు. ప్రతిసారీ పుస్తకంలో గుండ్రటి అక్షరాలతో రాసుకుంది. ఆ తర్వాత తెర నిమ్మకు నీరెత్తినట్టు ఊరుకుంది. నాలుగైంది. చెల్లెలు పిలవలేదు.

మంగళవారమూ అంతే. ఆ పేరులేనివాడు అయిదుసార్లొచ్చి తిట్లు తిని పోయాడు. చెల్లెలు పిలవలేదు.

బుధవారం వాడు నాలుగుసార్లే వచ్చాడు. వాడికీ విసుగెత్తినట్టుంది. పిన్ని గడియారంకేసి చూస్తూ కూర్చుంది. "పిలుస్తానని ఊరించి ఏడిపించింది. కసి తీర్చుకుంది" అనుకుంది. కాసేపు కోపం, కాసేపు భయం. రేపు పొద్దున్న దాటితే ఇంక ఆ గొంతు లేదు. పోనీ ఉన్నప్పటి గొంతైనా తలచుకుందామని కళ్లు మూసుకుంది.

ఎక్స్ఛేంజి హాలు కళ్లముందుకొచ్చింది. పొడవాటి బల్ల, వరసగా చిన్న చిన్న దీపాలు. ఎండ ఎటునుంచి వస్తోందో తెలియలేదు. పిన్ని ఒక్కో దీపం కింద తీగ గుచ్చి "చెల్లీ" అంది. ఎవరో వ్యాపారి పలికాడు. ఇంకోదాంట్లో ఎవరో ముసలాయన. ఇంకోదాంట్లో పరీక్ష ఫలితం కోసం వణుకుతున్న పిల్ల. అందరి గొంతులూ వచ్చాయి, వేలమందివి, ఎప్పుడో విన్నవి, ఒక్కటీ మర్చిపోలేదు. చెల్లెలి గొంతొక్కటే లేదు. ఎంత వెతికినా గుర్తుకు రాలేదు. పిన్ని ఉలిక్కిపడి లేచి వెక్కివెక్కి ఏడ్చింది.

అప్పుడే రిపేరావిడ తలుపు తోసుకుని వచ్చింది. పిన్ని గబగబా కళ్లు తుడుచుకుని, ఏడుపు కనపడనివ్వకూడదని పుస్తకం ముందుకు తోసింది. "చూసుకో. పద్నాలుగుమంది దొంగవెధవల్ని గుమ్మంలోంచే పంపించేశాను."

రిపేరావిడ చదవసాగింది. సోమవారం మూడు. మూడూ ఒకటి. మూడూ మూడు... మంగళవారం మూడు... వేలు అక్కడే ఆగిపోయింది.

"పిన్నీ, రోజూ మూడింటికేనా?"

"ఆఁ, సరిగ్గా అది పిలిచే వేళకే దాపరిస్తాడు."

రిపేరావిడ కళ్లజోడు తీసి బల్లమీద పెట్టింది. "ఇది మీ చెల్లెలు పెట్టించుకోమన్న ప్రోగ్రామే పిన్నీ. లోపల పనిచేసేటప్పుడు దాని పేరిలా ఉంటుంది. వీళ్లు పద్నాలుగుమంది కారు. ఒక్కరే."

పిన్ని పుస్తకం వెనక్కి లాక్కుంది. తన కుడిచేతికేసి చూసుకుంది. పద్నాలుగుసార్లూ ఈ చెయ్యే. అక్కడ ఆస్పత్రి మంచంమీద, గొంతులో గడ్డ పెట్టుకుని, మళ్లీ మళ్లీ తలుపు తట్టిన చెల్లెలు కళ్లకి కట్టింది. అమ్మ పోయిన రోజున దాన్ని వరసలో నిలబెట్టింది. ఈసారి వరసలో కూడా నిలబడనివ్వలేదు.

"తీసెయ్యవే. ఆ నోరు మెదపనిదాన్నే పెట్టెయ్యి. నాకేమీ తెలీదు, నాకేమీ రాదు, నువ్వు చెప్పినట్టే చేస్తాను" అంది రిపేరావిడ చెయ్యి పట్టుకుని.

పది నిమిషాల పని. రిపేరావిడే చెల్లెలి పేరుమీద నొక్కి, పిలుపు మోగడం మొదలవగానే చప్పుడు చెయ్యకుండా వంటింట్లోకి వెళ్లిపోయింది. మోగింది. మోగుతూనే ఉంది. పిన్ని తెరకి దగ్గరగా జరిగింది.

"ఏమే!" అంది ఒక గొంతు. బొంగురుపోయి, మధ్యమధ్య గాలి తప్ప మాట లేకుండా, అయినా అదే. "ఎన్నిసార్లు పిలవాలే నిన్ను? ఇప్పుడు కూడా ఉండమంటావా?"

"నా చేత్తోనే ఆపానే" అంది పిన్ని. "నువ్వని తెలీక ఆపాను. అప్పుడు మాత్రం నువ్వని తెలిసే ఆపాను. రూలు కాదు, నాదే తప్పు. అమ్మతో నీ ఆఖరి మాట నేనే మింగేశానే."

అవతల మంచం కిర్రుమంది. తర్వాత అందుకుంది చెల్లెలు. అబ్బ, ఏం తిట్లవి! రాతిగుండె అంది, రూళ్లకర్ర అంది. అమ్మ పోయిన సంవత్సరం నుంచి వరసపెట్టి ఇరవై రెండేళ్లూ తిట్టింది. తన పెళ్లికి అక్కని పిలవనివ్వని పాపం, తన పిల్లలకి పెద్దమ్మ లేకుండా చేసిన పాపం అన్నీ ఏకరువు పెట్టింది. గొంతు పట్టేస్తే నీళ్లు తాగి మళ్లీ తిట్టింది. కిటికీలో ఎండ గోడెక్కి పలచబడింది. పిన్ని తెరకి చెవి ఆనించి, కళ్లు మూసుకుని, ఒక్క మాట జారిపోకుండా వింటోంది. చెంపలమీద కన్నీళ్లు, పెదాలమీద నవ్వు.

చివరికి అలిసిపోయి, "ఇంక తిట్లు అయిపోయాయే అక్కా" అంది చెల్లెలు.

"అయితే మళ్లీ మొదట్నుంచీ తిట్టు" అంది పిన్ని.