ఒక్క అక్షరం కూడా వదలను

నేను ఇంగ్లీషు చదివితే రాసిన అక్షరాలన్నీ నోటితో పలకాల్సిందే. "వెడ్-నెస్-డే" అంటాను. "క్నైఫ్" అంటాను. రాసిపెట్టి మరీ పలకొద్దనడం ఏం న్యాయం? భోజనానికి పిలిచి పీట లాగేయడం కాదూ! మా అమ్మాయికి డిక్టేషన్ కూడా ఇలా అన్ని అక్షరాలూ పలికిస్తూనే నేర్పాను. అది ఒక్క తప్పు రాస్తే ఒట్టు.

అలాంటి పిల్ల, బడిలో పెద్దవాళ్ళు వచ్చి కథ చదివే రోజున నన్ను రావద్దంది.

"నాన్నని పంపమ్మా. నువ్వు చదివితే అందరూ నవ్వుతారు."

నా కూతురికి నేనే నామోషీ అయ్యానన్నమాట! ఏడుపూ కోపమూ కలిసి వచ్చాయి.

"నవ్వనీ. పళ్ళు కనబడతాయి, అంతేగా. నేనే వస్తాను," అన్నాను. అది మూతి ముడుచుకుంది.

దుకాణంలో కుట్టుమిషను వదిలి, సెలవు పెట్టి మరీ వెళ్ళాను. చిన్నపిల్లల కుర్చీలో ఇరుక్కుని కూర్చుని, దారి తప్పిన ఎలుగుబంటి పిల్ల కథ మొదలుపెట్టాను. నది మధ్య లంక దగ్గరకు రాగానే "ఇస్లాండ్" అన్నాను. వెనక బెంచీలో కిసుక్కుమన్నారు.

"అక్కడ ఎస్ పలకకూడదండీ," అంది టీచరమ్మ. తర్వాతి వాక్యంలో ఇంకోటి దిద్దింది. ఆ తర్వాత మరోటి. నా చెవులు వేడెక్కాయి. మా అమ్మాయి బల్లకేసి చూస్తోందే తప్ప తలెత్తదు.

"మేడమ్, నా తప్పులన్నీ చివర్లో ఒకేసారి చెబుదురుగాని. అక్కడ ఆ ఎలుగుబంటి పిల్ల వానలో తడిసి ముద్దవుతోంది. ముందు దాన్ని ఇంటికి చేరుద్దాం," అన్నాను.

"అవును ఆంటీ, చదవండి!" నవ్విన పిల్లలే అరిచారు.

టీచరమ్మ ముఖం మాడిపోయింది. "వద్దులెండి, మిగతాది మీ అమ్మాయి చదువుతుంది. తను చక్కగా పలుకుతుంది," అని దాన్ని పిలిచింది.

అది లేచి వచ్చి చెయ్యి చాచింది. నేను పుస్తకం గట్టిగా పట్టుకున్నాను. బడంతా నవ్వినా భరిస్తాను గానీ, ఇది లాక్కుంటే మాత్రం తట్టుకోలేను.

అది పేజీ తిప్పింది. తిప్పి, నా కుర్చీ పక్కనే నిలబడింది.

"మా అమ్మే చదువుతుంది మేడమ్," అంది. తర్వాత నా వైపు తిరిగింది. "చదువమ్మా. గట్టిగా చదువు."