నీళ్లు పోసినా ఏం కాదు

సునంద తండ్రి కుమారస్వామి మణుగూరు గని ఆఫీసులో క్లర్కుగా ఏం వెలగబెట్టాడో గాని, రిటైరయ్యాక మాత్రం పాత థింక్‌ప్యాడ్ లాప్‌టాప్‌లకు పూజారి అయ్యాడు. బీరువాలో చీరలుండాల్సిన అరలో అవే. కూతురికీ ఒకటి అంటగట్టాడు. రెండు నెలలు పర్ణశాల చుట్టుపక్కల గూడేలు తిరిగి ఆమె నమోదు చేసుకొచ్చిన నాలుగు వందల కుటుంబాల ఆరోగ్య సర్వే మొత్తం అందులోనే ఉంది. అడవిలో సిగ్నల్ ఉండదు, ఆమె ఇల్లు చేరిందేమో ఇవాళే. పెన్‌డ్రైవ్ పెడితే వైరస్ వస్తుందని ఈ మహానుభావుడు పెట్టనివ్వడు. రేపు భద్రాచలంలో సర్వే అప్పగించాలి, లేకపోతే ఆమె కాంట్రాక్టు ఉద్యోగం గోవిందా.

ఆ సాయంత్రం ఆమెతో పాటు సర్వే చేసే చందర్, జాబితాలు సరిచూసుకుందామని తన కొత్త పల్చటి లాప్‌టాప్‌తో వచ్చాడు. సునంద తనదీ తెరిచి బల్ల మీద పెట్టింది.

“ఏంది బిడ్డా గిది, లాప్‌టాపా అప్పడమా?” అన్నాడు కుమారస్వామి చందర్‌తో, మూతి తిప్పుతూ. “బ్యాటరీ ఊడుతదా? ర్యామ్ మారుస్తరా? మాది టీ ఫోర్ ట్వంటీ మోడల్. పద్నాలుగు అంగుళాల స్క్రీను, రెండో తరం ఐ ఫైవ్, ర్యామ్ పదహారు జీబీ దాకా ఎక్కుతది. చీకట్ల కీబోర్డు కనపడెతందుకు పైన లైటు సుత ఉన్నది.”

“మంచిదే కాకా,” అన్నాడు చందర్.

ఆ మర్యాదే కొంప ముంచింది. పెద్దాయనకు అది వెటకారంలా వినిపించింది. “నీళ్లు పోసినా కింది బొక్కలకెళ్లి పోతయ్, చూడు!” అంటూ చెంబెడు నీళ్లు సునంద లాప్‌టాప్ కీబోర్డు మీద గుమ్మరించాడు.

సునంద కేక వేసేలోపే తెర నల్లబడింది. కింద ఒక్క చుక్క కారలేదు. తిప్పి చూస్తే రెండు బొక్కలూ ఎంసీల్‌తో గట్టిగా మూసి ఉన్నాయి.

“బొగ్గు దుమ్ము లోపలికి పోతాందని... నేనే పెట్టిన, యాది మరిచిన,” అని నసిగాడు.

ఆ ఊళ్లో దుమ్ముకు జడిసి కిటికీ సందుల్లో గుడ్డలు కుక్కని ఇల్లు లేదు. లాప్‌టాప్‌కు కుక్కిన ఘనుడు మాత్రం ఇతనొక్కడే.

సునందకు ఏడుపు కన్నా ముందు అసహ్యం పుట్టింది. బ్యాటరీ పీకి, హార్డ్‌డిస్క్ మూత విప్పి, డిస్క్ లాగి కొంగుతో తుడిచింది. చందర్ బజారుకు ఉరికి, డిస్క్ కలిపే వైరు తెచ్చి దాన్ని తన లాప్‌టాప్‌కు తగిలించాడు. కుటుంబాల పేర్లన్నీ వరుసగా కనిపించాయి. అప్పుడు సునంద కూలబడి ఏడ్చింది.

కుమారస్వామి ముఖం వెలిగింది. “చూసినవా చందర్? ఒక్క స్క్రూతోని డిస్క్ ఊడొచ్చింది! మీ దాంట్ల వస్తదా? తే బిడ్డా, ఇంకో మిషన్ల ఏసిస్త,” అని చెయ్యి చాచాడు.

సునంద డిస్క్‌ను సంచిలో వేసి జిప్పు లాగింది. తండ్రి మాటకు ఏనాడూ ఎదురు చెప్పిన పిల్ల కాదు.

“చెయ్యి తియ్యి నాయినా,” అంది. “ఇగ నా వస్తువు ఏదీ ముట్టకు.”