నూట పద్నాలుగో గ్లాసు

గెర్లిండె రోజూ పొద్దున ఆరుంబావుకి ఇంటికి తాళం వేసి, వంతెన దాటి, ఆరున్నరకల్లా ఊట మండపం తలుపులు తీసేది. ఆదివారం లేదు, పండగ లేదు. లాన్ నది పొంగి వీధిలోకి వచ్చిన ఏడు పడవలో వచ్చి మరీ తీసింది. వరదలొచ్చిన సంవత్సరాలన్నీ ఆ గుమ్మం రాతి మీద గీతలు గీసి చెక్కారు. అన్నిటికంటే పైగీత ఆమె నెత్తికి జానెడు ఎత్తున ఉంటుంది.

బాడ్ ఎల్సెనౌ ఊరంటే ఒకప్పుడు మాటలా! రోమన్ సిపాయిలు కాళ్ళనొప్పులకి ఈ వేడినీళ్ళలోనే కూచునేవాళ్ళట. తర్వాత రష్యా జమీందార్లు బగ్గీల్లో దిగారు. వాళ్ళ వెనక రైలొచ్చింది, రైల్లో దేశంలోని దగ్గులూ ఆయాసాలూ అన్నీ వచ్చాయి. ఇప్పుడు హోటళ్ళ కిటికీలు సగం మూసే ఉంటాయి. అవతల పలకరాయి కొండ, మధ్యలో నది, ఇవతల ఒక్కటే వీధి. మూడు కొట్టేసరికి కొండనీడ ఊరి మీద పడుతుంది, ఇక ఎవరిళ్ళలో వాళ్ళు దూరతారు.

ఊటనీళ్ళు తాగే వైద్యానికి వచ్చినవాళ్ళ గ్లాసులు, నంబరు చీటీ కట్టి, మండపం అలమారలోనే ఉంచేస్తారు. మరుసటేడు వాళ్ళు ఇక్కడికి రావడానికి ఇంటి గడప దాటగానే ఇక్కడ గ్లాసు చెమరుస్తుంది. మ్యూనిక్‌లో దాటినా, బ్రెమెన్‌లో దాటినా అంతే. అందుకే లాడ్జి నడిపే రోస్విత రోజూ వచ్చి వాకబు చేసేది. పక్కలు దులిపించుకోవాలి కదా!

"ఎవరెవరు బయల్దేరారే?"

"ముప్పై రెండు. అరవై. ఇంకా... నూట పద్నాలుగు."

"ఇవాళ కూడానా! పదకొండేళ్ళ నుంచీ రోజూ బయల్దేరుతున్నాడు నీ మహానుభావుడు. ఏ స్టేషన్లో దిగిపోతున్నాడో ఏమో!"

"నోర్ముయ్యవే" అనేది గెర్లిండె. అని, ఆ గ్లాసు తుడిచి మళ్ళీ చోట్లో పెట్టేది.

నూట పద్నాలుగు బెర్టోల్డ్‌ది. బ్రెమెన్‌లో గడియారాలు బాగుచేసేవాడు, ఊపిరితిత్తులు బాగుండేవి కావు. వరసగా ఆరు వేసవులు వచ్చాడు. నాలుగోసారి నీలం అంచు గ్లాసులు రెండు, అచ్చం ఒకేలాంటివి, కొనుక్కొచ్చి ఒకటి ఆమె చేతిలో పెట్టాడు. "అందరికీ నీళ్ళు పోసే మనిషికి సొంత గ్లాసు లేకపోవడం ఏం బావుందండీ?" అన్నాడు. ఆ ఒక్క మాటకే ఆమె పడిపోయింది. ఆ గ్లాసు ఇంట్లోనే దాచుకునేది, ఆయన ఉన్న రోజుల్లోనే మండపానికి తెచ్చేది. ఆఖరి వేసవి వెళ్ళిపోయే రోజున రెండు గ్లాసులూ తనే కడిగి, ఒకటి అలమారలో పెట్టి, రెండోది చేతిరుమాల్లో చుట్టుకున్నాడు. "నాది మీ దగ్గర, మీది నా దగ్గర. వచ్చే వేసవికి మార్చుకుందాం" అన్నాడు.

మర్నాడు పొద్దున్నే గ్లాసు చెమర్చింది. ఇంటికెళ్ళి ఒక్కరోజు కూడా ఉండలేకపోయాడనుకుని గెర్లిండె మంచి కోటు వేసుకుని స్టేషనుకి వెళ్ళింది. ఆయన రాలేదు. ఆ మర్నాడూ చెమర్చింది, ఆ మర్నాడూ. రాసిన ఉత్తరాలకి జవాబు లేదు.

కోబ్లెంజ్‌లో ఆమె చెల్లెలు ఎల్‌ఫ్రీడె మొగుడు పోయి ఒంటరిగా ఉంటోంది. "అక్కా, వచ్చెయ్. ఇద్దరం కలిసి ఉందాం" అని రెండేళ్ళుగా రాస్తోంది. ఆ చలికాలం వచ్చింది మూడో ఉత్తరం: "ఈస్టర్‌లోగా చెప్పకపోతే గది అద్దెకిచ్చేస్తాను. నాకూ భయంగానే ఉంటుందే, మనిషి అలికిడి లేకపోతే." గెర్లిండె ఆ ఉత్తరం చదివి ఏడ్చింది. కానీ బెర్టోల్డ్ దారిలో ఉంటే తను ఊళ్ళో లేకుండా ఎలా? రాలేనని జవాబు రాసి, బిళ్ళ అంటించి, సంచిలో పెట్టుకుంది.

అది పోస్టులో వెయ్యకముందే జ్వరం వచ్చి పడింది. ఆ ఉద్యోగంలో ఆమె మొదటిసారి పెట్టిన సెలవు అదే. నాలుగు రోజులూ మండపం రోస్విత తెరిచింది. అయిదోరోజు గెర్లిండె మఫ్లరు చుట్టుకుని వచ్చేసరికి రోస్విత లోపల ఊరికే కూచునుంది. ఆమె ఊరికే కూచోవడం ఎవరూ చూసి ఎరగరు.

"నూట పద్నాలుగు?" అంది గెర్లిండె.

"నాలుగు రోజులూ పొడిగా ఉందే."

గెర్లిండె అలమార దగ్గరికి వెళ్ళింది. "పోయాడా?"

"ఇవాళ చెమర్చింది. నా కళ్ళముందే, ఆరుంబావుకి. నువ్వు ఇంట్లో ఎన్నింటికి బయల్దేరావ్?"

గెర్లిండె గ్లాసు చేతిలోకి తీసుకుంది. కుళాయి దగ్గర రెండు గ్లాసులు కడుగుతున్న ఆయన చేతులు గుర్తొచ్చాయి. తడి చేతుల్లో ఏది ఎవరిదో ఆయనకైనా తెలిసిందా? తనదే చుట్టబెట్టుకుని, ఈమెది అలమారలో పెట్టి పోయాడు. పొరపాటున పెట్టాడో, తెలిసే పెట్టాడో.

"రోజూ బయల్దేరింది నేనేనా?" అంది.

రోస్విత ఆమెను దగ్గరికి లాక్కుంది.

కాసేపటికి గెర్లిండె కళ్ళు తుడుచుకుని, ఆ గ్లాసు ఊట కింద పట్టి గుక్కలు గుక్కలుగా తాగింది. పదకొండేళ్ళుగా దాన్ని తుడవడమే గానీ అందులో తాగలేదు. "ఉప్పగా ఉంది" అంది. సంచిలో ఉత్తరం తీసి నాలుగు ముక్కలు చేసింది.

ఈస్టర్ వెళ్ళాక కోబ్లెంజ్ వెళ్ళిపోయింది. మండపం తాళాలు రోస్విత చేతికొచ్చాయి. గ్లాసు మాత్రం అలమారలోనే వదిలేసింది. నంబరు చీటీ తీసేసి తన పేరు రాసి కట్టింది.

వేసవంతా ఆ గ్లాసు పొడిగానే ఉంది. సెప్టెంబర్‌లో ఒక శనివారం, పది కావస్తుండగా, చెమర్చింది. రోస్విత క్యూలో ఉన్నవాళ్ళని అలాగే వదిలేసి వీధిలోకి పరిగెత్తి లాడ్జిలో ఉన్న మొగుణ్ణి కేకేసింది.

"ఏవండీ! నదివైపు గది కిటికీలు తియ్యండి! గెర్లిండె బయల్దేరింది!"

గెర్లిండె రైలు దిగేసరికి ఆ గదిలో ఉతికిన దుప్పటి పరిచి, మూల మడిచి ఉంచారు. ఆ ఊళ్ళో పుట్టి ముప్పై ఏళ్ళు నీళ్ళు పోసిన మనిషికి, ఆమె వస్తోందని ఎవరైనా పక్క వెయ్యడం అదే మొదటిసారి.