ఊయలలో రాయి

దూది చుట్టిన గుడ్డముద్దను వార్నిష్‌లో అద్ది, సనాబర్ ఊయల పక్కచెక్క మీద గుండ్రంగా తిప్పుతోంది. చెయ్యి ఆగకూడదు. ఆగితే గుడ్డ అంటుకుని మచ్చ పడుతుంది. మర్గిలాన్ పట్టణంలో పోప్లార్ చెట్ల దూది ఎగిరే రోజులవి. తడి పూత మీద ఒక్క నూగు వాలినా పని చెడినట్టే. అందుకని కార్ఖానా కిటికీ మూసి, గడియ బిగించారు. వార్నిష్ ఘాటుకు గొంతు మండిపోతోంది.

రుద్దినప్పుడల్లా వంపు తిరిగిన కాళ్ల మీద చెక్క ఊయల ఊగుతుంది, లోపల గుడ్డలో చుట్టిన ఏటిరాయి మెల్లగా దొర్లుతుంది. ఊయల ఖాళీగా ఉండకూడదని పెట్టిన రాయి అది. ఖాళీ ఊయల ఊపితే కడుపులో బిడ్డ దక్కదని అక్కడివాళ్ల నమ్మకం. రెండేళ్ల కిందట, ఏడో నెలలో, ఆమె రాయి పెట్టకుండా పాలిష్ పట్టింది. బిడ్డ దక్కలేదు. అత్త, ఇరుగుపొరుగు, యజమాని అందరూ ఒకటే మాట అన్నారు. సనాబర్ కూడా నమ్మింది.

"అక్కా, కళ్లు తిరుగుతున్నాయి" అంది పక్కనే గరుకు కాగితం పడుతున్న మాహ్లియో. కొత్తగా చేరింది. ఆమెకిప్పుడు అయిదో నెల. "ఆ కిటికీ కాస్త తీస్తే..."

యజమాని తుర్సునాలి గుమ్మంలోంచి నవ్వాడు. "వచ్చి వారం కాలేదు, అప్పుడే మహారాణి వేషాలా? సాయంత్రానికి ఇది చేయించుకున్న అమ్మమ్మగారు బండి తెస్తుంది, మనవడికి ఊయల పట్టుకెళ్లడానికి. దూది పడితే నీ మొహం చూపిస్తావా ఆవిడకి?"

"కడుపుతో ఉన్నదాన్నండీ."

"అయితే ఏం? రాయి పెట్టాంగా! ఈ సనాబర్ ఖాళీది ఊపింది, అనుభవించింది. కావాలంటే అడుగు."

మాహ్లియో ఆమె వైపు చూసింది. అలవాటుగా 'ఔను' అనబోయింది సనాబర్. కానీ ఆ పిల్ల పెదవులు తెల్లబడి ఉన్నాయి. రెండేళ్ల కిందట ఆ రోజు వార్నిష్ డబ్బా మూతలో తన పెదవులూ అలాగే కనిపించాయి.

"ఆ రోజు నేనూ కిటికీ తియ్యమనే అడిగానండీ" అంది.

"ఏమిటే?"

"మీరు తియ్యనివ్వలేదు."

ఆమె చెయ్యి ఆగింది. గుడ్డ పూతకి అంటుకుపోయింది. దాన్ని అలాగే వదిలేసి లేచి, అరచేత్తో గడియని గుద్దింది. కిటికీ రెక్క తెరుచుకుంది. గాలితో పాటు తెల్లటి దూది లోపలికొచ్చి తడి చెక్క మీద వాలింది.

"నాశనం చేశావే! ముయ్యి!"

సనాబర్ ఊయలలోంచి రాయి తీసి, గుడ్డ విప్పి, రెక్క మూసుకుపోకుండా కిటికీలో పెట్టింది. మాహ్లియో గోడ పట్టుకుని వచ్చి అక్కడ నిలబడి ఊపిరి పీల్చుకుంది.

గాలికి ఖాళీ ఊయల ఊగసాగింది. ఆపుదామని సనాబర్ చెయ్యి చాచింది. చాచిన చెయ్యి సగంలోనే ఉండిపోయింది.